తాత నాటిన ద్రాక్ష తీగ, నేను వేసిన తప్పు కత్తెర

  నా వెనకాల కనిపిస్తోంది చూడండి, గేటు పక్కన లావుగా, మెలి తిరిగి, బెరడు పొట్టు పొట్టుగా ఊడిపోతున్న కాండం... అది ద్రాక్ష. అవునండీ, హైదరాబాద్‌లో, రెండు వందల గజాల ఇంట్లో. చాలామంది "టెర్రస్ మీద ద్రాక్ష పెట్టాం, ఆకులు బాగా వస్తున్నాయి, కాయ మాత్రం ఒక్కటి లేదు, ఏం చేయాలి" అని అడుగుతూ ఉంటారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే. నాదీ అదే కథ కాబట్టి మొత్తం చెప్తాను. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఈ తీగ ఎక్కడిదో చెప్పాలి. మా తాత మేడ్చల్ వైపు ఒక ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ఇప్పుడు అటు వెళ్తే మీకు వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు కనిపిస్తాయి కానీ, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు బాగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ అనే రకం ఈ ఊరికి పెద్ద పేరు తెచ్చింది. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజుగారిది. పెద్ద పెద్ద కాయలు, కోలగా, పండితే లేత తేనె రంగు, లోపల గింజ నీడలా కనిపిస్తుంది. తర్వాత గింజల్లేని థాంప్సన్ సీడ్‌లెస్ వచ్చింది, బోర్లు ఎండిపోయాయి, భూమి గజాల్లో అమ్మడం మొదలైంది. ఇప్పుడు మనం మార్కెట్లో కొనే ద్రాక్షలో ఎక్కువ భాగం మహారాష్ట్ర నుంచే వస్తుంది, నాసిక్, సాంగ్లీ వైపు నుంచి. తాత పనిచేసిన తోట కూడా పోయింది. పోయే ముందు సంవత్సరం ఆయన అక్కడి నుంచి నాలుగు పుల్లలు తడి గోనెసంచిలో చుట్టుకుని తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఒకటి బతికింది. ఇదే అది.

నా చిన్నప్పుడు శివరాత్రి దాటిందంటే ఈ పందిరి కింద నిలబడటానికి తల వంచాల్సి వచ్చేది, గుత్తులు నెత్తికి తగిలేవి. వీధిలో అందరికీ గిన్నెల్లో పెట్టి పంపేవాళ్లం. 2019లో తాత పోయాడు. ఆ తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండేళ్లు దాని ఇష్టం వచ్చినట్టు పెరిగింది. కరెంటు తీగల దాకా పాకింది, పక్కింటి డాబా ఎక్కింది. కింద అంతా చీకటి, దోమలు, ఎండుటాకులు. కాయ లేదు.

అప్పుడు నేనేం చేశాను? మీరు చేసేదే. ఫోన్ తీసి వీడియో చూశాను. ఒక పెద్దాయన, మంచు కురిసే దేశం, చేతికి ఉన్ని గ్లోవ్స్. ఎంత బాగా చెప్పాడంటే, అనుమానమే రాలేదు. "ఏడాదికి ఒకసారి, చలికాలం నడిమధ్యలో, తీగ నిద్రపోతున్నప్పుడు కత్తిరించండి, ప్రతి కొమ్మకీ రెండు కణుపులు వదిలి మిగతాది తీసేయండి" అన్నాడు. 2022 జనవరి, సంక్రాంతి సెలవులు, నేను నిచ్చెన వేసి రెండు రోజులు కూర్చుని మొత్తం గుండు కొట్టేశాను. రెండు ట్రాలీల కట్టె వచ్చింది.

మర్నాడు పొద్దున చూస్తే కోసిన ప్రతి చోటా నీళ్లు కారుతున్నాయి. టప్ టప్‌మని, కుళాయి లీకైనట్టు. నాకు గుండె జారింది. తీగని చంపేశాను అనుకున్నాను. కొవ్వొత్తి వెలిగించి ప్రతి కోతకీ మైనం పూశాను, వేళ్లు కాల్చుకున్నాను. అది పూర్తిగా అనవసరం అని తర్వాత తెలిసింది. వేరు నీటిని పైకి నెడుతోంది, పైన ఇంకా ఆకు లేదు, నీళ్లు కోత దగ్గర బయటికి వస్తాయి. కొన్ని రోజుల్లో దానంతట అదే ఆగుతుంది. మీకు ఇలా జరిగితే కంగారు పడకండి, మైనం దండగ.

మార్చి వచ్చేసరికి చక్కగా చిగురు వేసింది. పచ్చగా, నిగనిగలాడుతూ. కానీ గుత్తి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. సరే, సరిగ్గా కొయ్యలేదేమో అని 2023 జనవరిలో మళ్లీ అదే వీడియో, అదే కత్తెర, ఇంకా పొట్టిగా. మళ్లీ అదే పచ్చదనం, అదే సున్నా.

ఫిబ్రవరిలో ఒకరోజు నాన్న అన్నం తింటూ చాలా మామూలుగా అన్నాడు, "ఇంక దాన్ని తీసేద్దాం. రేకుల షెడ్డు వేస్తే బండ్లు పెట్టుకోవచ్చు." నేనేం అనలేకపోయాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆకులూడ్చేది ఆయనే. బండి సీటు మీద పడ్డ పిట్టల రెట్ట తుడుచుకునేదీ ఆయనే. ఏళ్ల నుంచి ఒక్క కాయ ఇవ్వని చెట్టు. "ఒక్క సంవత్సరం" అన్నాను. "వచ్చే ఉగాది లోపల కాయ పడితే ఉంచుదాం, లేకపోతే నువ్వే పిలువు మనుషుల్ని" అన్నాడు.

ఆ రాత్రి నానమ్మ మంచం మీద కూర్చుని ఉంది. తాత పోయాక ఆమె ఈ పందిరి వైపు పెద్దగా చూసేది కాదు. నేను అడిగాను, "నానమ్మా, తాత దీన్ని జనవరిలో కోసేవాడా, ఫిబ్రవరిలోనా?" ఆమె నా మొహం చూసి నవ్వింది. "జనవరి గినవరి ఏంది బిడ్డా? జనవరికి కాయలు శనగ గింజంత ఉంటయి. అప్పుడు కోస్తే ఏం మిగుల్తది? మీ తాత ఏడాదికి రెండుమాట్ల కోసేటోడు. ఉగాది పోయినంక ఒకసారి, దసరా పోయినంక ఒకసారి. ఉగాదికి కోసేది కట్టె కోసం, దసరాకి కోసేది కాయ కోసం."

నేను రెండేళ్ల నుంచి ఫోన్‌ని అడుగుతున్నాను. ఆమె పక్క గదిలోనే ఉంది.

సరే, ఇక అసలు విషయానికొద్దాం. ఈ భాగం జాగ్రత్తగా వినండి, చదివేవాళ్లు రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఇదొక్కటి అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

చలిదేశాల్లో ద్రాక్ష చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేస్తుంది, కాస్తుంది, మళ్లీ నిద్ర. అందుకే వాళ్లకి ఒకే కత్తిరింపు. మన దగ్గర ఆ చలి లేదు. తీగ నిద్రే పోదు. వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకులే వేస్తుంది. దానికి ఎప్పుడు ఏం చెయ్యాలో మనం కత్తెరతో చెప్పాలి. అందుకే తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, కర్ణాటక, అంతటా రెండు కత్తిరింపులు. వేసవిది ఒకటి, మార్చి చివర నుంచి మే లోపు, ఎక్కువగా ఏప్రిల్‌లో. రెండోది అక్టోబర్ ప్రాంతంలో, వానలు వెనక్కి పోయాక.

ఏప్రిల్ కత్తిరింపులో పోయిన సీజన్ కొమ్మలన్నిటికీ ఒకటి రెండు కళ్లు మాత్రమే వదిలి కోసేస్తాం. కన్ను అంటే కణుపు దగ్గర ఉండే మొగ్గ. అక్కడి నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. ఈ కొమ్మల మీద కాయ కోసం చూడకండి, వీటి పని వేరు. ఇవి పెరుగుతున్నప్పుడు, మే, జూన్‌లలో, ప్రతి ఆకు మొదట్లో ఒక కొత్త కన్ను తయారవుతుంది. ఆ కంట్లో, మనకు కనపడకుండా, లోపల గుత్తి పడాలా వద్దా అనేది అప్పుడే నిర్ణయం అయిపోతుంది. దేన్ని బట్టి? ముఖ్యంగా ఎండ. ఆ కొమ్మ మీద, ఆ ఆకు మీద ఎండ పడితే లోపల గుత్తి పడుతుంది. నీడలో మగ్గితే అదే చోట నులితీగ వస్తుంది. నులితీగ తెలుసు కదా, స్ప్రింగులా చుట్టుకునేది. ద్రాక్షలో గుత్తీ, నులితీగా ఒకే మూలం నుంచి పుడతాయి. అన్నదమ్ములనుకోండి. తిండీ ఎండా బాగా అందినవాడు గుత్తి అయ్యాడు, అందనివాడు నులితీగ అయ్యాడు.

ఇప్పుడు నా తప్పు మీకే తెలిసిపోయి ఉంటుంది. రెండేళ్లు గుబురుగా పెరిగిన పందిరి, లోపల ఎండే లేదు, కళ్లన్నీ గుడ్డివి. పైగా జనవరిలో ఒక్కో కొమ్మకి రెండు కళ్లే వదిలాను. చాలా రకాల్లో మొదట్లో ఉండే ఒకటి రెండు కళ్లలో గుత్తి సరిగా ఉండదు. ఉన్న కాస్త అవకాశం కూడా రెండో ట్రాలీలో వెళ్లిపోయింది.

2023 ఏప్రిల్ 9, ఆదివారం. ఉగాది అయి రెండు వారాలు దాటింది. పొద్దున్నే మొదలుపెట్టాను. అసలు కాండం, దాని నుంచి పందిరి మీద రెండు వైపులా వెళ్లే పెద్ద చేతులు, వాటిని ముట్టుకోలేదు. మిగతాదంతా ఒకటి రెండు కళ్లకి. నాన్న బయటికొచ్చి చూసి, "ఏప్రిల్ నెలలో ఉన్న నీడ కూడా తీసేశావా" అన్నాడు. నిజమే, ఆ నెలంతా గేటు దగ్గర నిప్పులే. బండి సీటు మీద తడి టవల్ వేసుకుని వెళ్లేవాడు. నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

కోసిన చోట్ల చిగుళ్లు ఎన్ని వస్తే అన్ని ఉంచకూడదు. ఒక్కో చోట బలమైనది ఒకటి ఉంచి మిగతావి చేత్తో తుంచేయాలి. ఎన్ని ఉంచాలో ఎలా తెలుస్తుంది? దానికి నానమ్మ చెప్పిన లెక్క ఏ పుస్తకంలో కన్నా తేలిక. "పందిరి కింద మిట్టమధ్యాహ్నం నిలబడు. నేల మీద ఎండ చుక్కలు చుక్కలు పడాలె. మొత్తం నీడ ఉన్నదంటే ఇంకా తియ్యి. మొత్తం ఎండ ఉన్నదంటే ఎక్కువ తీసినవు." అంతే. నేను ప్రతి ఆదివారం నేల చూసుకుని తుంచుతూ వచ్చాను.

ఎరువు గురించి తొందరగా చెప్పేస్తాను. ఏప్రిల్ కోత తర్వాత మొదట్లో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి. చెట్టు మొదలుకి ఆనించి కాదు, ఒక రెండడుగులు దూరంగా చుట్టూ. యూరియా మాత్రం వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మీద ఆకు వేస్తుంది, మళ్లీ నీడ, మళ్లీ నులితీగలు. కళ్లు తయారయ్యే రోజుల్లో నీళ్లు కూడా మరీ ఎక్కువ పెట్టకండి. పొటాష్ కావాలి, అది కొమ్మ ముదరడానికి పనికొస్తుంది. కొమ్మ ముదరడం అంటే పచ్చగా ఉన్నది గోధుమ రంగులోకి తిరగాలి. సెప్టెంబర్‌లో వంచి చూడండి, గట్టిగా, బెరడు కట్టి ఉండాలి. పచ్చగా ఉంటే అది కాయ కాసే కొమ్మ కాదు.

వానాకాలం ఒక్క మాట: లేత ఆకుల మీద చిన్న చిన్న మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ నల్ల అంచు, పిట్ట కన్నులా కనిపిస్తే అది మచ్చ తెగులు. ఆ కొసలు తుంచి పారేయాలి, కింద వదలకండి.

ఇక దసరా. ఆ ఏడాది దసరా అక్టోబర్ చివర్లో వచ్చింది. కోతకి వారం ముందు నీళ్లు ఆపాను. ఆకులన్నీ చేత్తో దూసేశాను. ఆకు తీసేస్తే కళ్లు మేలుకుంటాయి, అన్నీ ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. మందుల కొట్టులో అడిగితే ఆయన ఒక డబ్బా తీశాడు, తోటల రైతులు కళ్ల మీద పూసే రసాయనం, హైడ్రోజన్ సయనమైడ్. పూస్తే అన్నీ సమంగా పగులుతాయట, నిజమే. కానీ అది విషం. చర్మం మీద పడినా, పీల్చినా ప్రమాదం. మద్యం తాగినవాళ్ల మీద దాని ప్రభావం ఇంకా తీవ్రంగా ఉంటుంది. పది ఎకరాల రైతుకి, సరైన తొడుగులు ఉన్నవాళ్లకి అది అవసరం కావచ్చు. పిల్లలు తిరిగే వాకిట్లో ఒక్క తీగకి ఎందుకండీ? నేను తీసుకోలేదు.

అక్టోబర్ 29న కోత. ఈసారి పొట్టిగా కాదు. పెన్సిలంత లావు, ముదిరిన కొమ్మ, మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ ఐదారు కళ్లు వదిలి ఆ పైన కోశాను. నానమ్మ కుర్చీ వేసుకుని కింద కూర్చుంది. "ఐదు... ఆరు... ఆడ కొట్టు" అంటూ. ఒక్కోసారి "అది సన్నగున్నది, మొత్తం తీసెయ్" అని. అనాబ్-ఎ-షాహీకి ఇలా సరిపోయింది. మీది థాంప్సన్ అయితే ఇంకాస్త పొడుగ్గా వదలండి, దానికి గుత్తి ఉన్న కళ్లు కొంచెం పైకి ఉంటాయి. రకం పేరు తెలియకపోతే మొదటి ఏడాది కొన్ని కొమ్మలు ఐదు కళ్లకి, కొన్ని ఎనిమిదికి, కొన్ని పదికి కోసి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. ఏ కంటి దగ్గర గుత్తి వచ్చిందో చెట్టే చెబుతుంది.

మళ్లీ నీళ్లు కారాయి. ఈసారి మైనం పుయ్యలేదు.

పది పన్నెండు రోజులకి కళ్లు ఉబ్బాయి, గులాబి రంగు నూగులాగా. నేను పొద్దున బ్రష్ చేసుకుంటూ ఒకసారి, రాత్రి ఫోన్ లైటుతో ఒకసారి చూసేవాణ్ణి. నవంబర్ మూడో వారంలో ఒకరోజు మూడో ఆకు దాటాక, ఆకుకి ఎదురుగా, నులితీగ ఉండాల్సిన చోట, చిన్నగా ఆవాలు గుచ్చినట్టు... గుత్తి! నానమ్మని పిలిచాను. ఆమెకి కళ్లజోడు పెట్టుకున్నా కనపడలేదు. వేలితో తడిమి, "ఆఁ, ఇదే" అంది. మొత్తం నలభై ఒకటి లెక్కపెట్టాను. నాన్నకి ఏం చెప్పలేదు. ఆయనే రాత్రి బండి పెట్టాక చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు.

నలభై ఒకటీ ఉంచకూడదు. మనసు ఒప్పదు కానీ, ఒక రెమ్మకి ఒక గుత్తి చాలు, సన్నటి రెమ్మ మీద అదీ వద్దు. పదకొండు తీసేశాను, ముప్పై మిగిలాయి.

ఇక్కడ ఒక కథ చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగేది దానితో ముడిపడి ఉంది. ద్రాక్షకి వచ్చే అతి పెద్ద శత్రువు బూజు తెగులు. ఇది అమెరికా నుంచి ఫ్రాన్స్ చేరింది, 1878లో అక్కడ బయటపడింది. తోటలు తోటలు మాడిపోయాయి. అక్కడ బోర్డో విశ్వవిద్యాలయంలో మిల్లార్డే అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ 1882లో ఒక దారిన పోతూ ఒక వింత చూశాడు. తోటంతా తెగులు, దారి పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆకుల మీద నీలం రంగు మరకలు. అడిగితే, దారిన పోయేవాళ్లు కాయలు కోసుకోకుండా, చూస్తే విషమేమో అనిపించాలని మైలుతుత్తం, సున్నం కలిపి చల్లామన్నారు. దొంగల కోసం చల్లింది తెగులుకి మందు అయింది! ఆయన దాని మీద పనిచేసి 1885లో ప్రకటించాడు. అదే మన రైతులు ఈ రోజుకీ వాడే బోర్డో మిశ్రమం.

ఇంట్లో చేసుకోవచ్చు. పది లీటర్ల నీళ్లకి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. ఒక ప్లాస్టిక్ బకెట్లో ఐదు లీటర్లలో మైలుతుత్తం, ఇంకో ప్లాస్టిక్ బకెట్లో ఐదు లీటర్లలో సున్నం. ఇనుప గిన్నెలు వద్దు. రెండూ విడివిడిగా కరిగాక ఒకేసారి మూడో బకెట్లోకి పోస్తూ కలపాలి. ఆకాశం రంగు వస్తుంది. అందులో ఒక శుభ్రమైన ఇనుప మేకు ముంచి తీయండి. మేకు మీద రాగి రంగు పడితే సున్నం చాల్లేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. వడగట్టి అదే రోజు కొట్టేయాలి, దాచుకోకూడదు. లేత ఆకులకి ఆ ఘాటు ఎక్కువవుతుంది కాబట్టి, రెండింటి మోతాదు సగం చేసుకోండి. పూత విచ్చుకున్నప్పుడు కొట్టకండి. గ్లోవ్స్, కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇది వచ్చిన తెగులుని తగ్గించదు. రాకుండా ఆకు మీద పొరలా కాపలా కాస్తుంది. అంటే వాన ముందు కొట్టాలి, తర్వాత కాదు.

డిసెంబర్ 3, ఆదివారం. గుర్తుందా, తెలంగాణ ఎన్నికల కౌంటింగ్ రోజు. వీధిలో ప్రతి ఇంట్లో టీవీ గట్టిగా మోగుతోంది. నా ఫోన్‌లో ఒకటే వార్త, మిగ్‌జాం తుపాను వస్తోంది. పూతకి ఇంకా వారం కూడా లేదు, గుత్తులు అన్నిటికన్నా సుకుమారంగా ఉండే టైమ్. అనాబ్-ఎ-షాహీకి బూజు తెగులు చాలా సులువుగా పడుతుంది కూడా. స్ప్రేయర్ భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాను. ఇంటి వైపు భాగమంతా ఆకు పైనా కిందా తడిచేలా కొట్టాను. గేటు పైభాగం దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన నిలబడట్లేదు, కాలువ మీద బండ కదులుతోంది. బయట టపాసులు, బైకు ర్యాలీలు. "రేపు కొడదాంలే" అనుకుని దిగాను.

5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు హైదరాబాద్‌లో పెద్ద వానేం కాదు, కానీ ముసురు, మబ్బు, ఆకు మీద తడి ఆరట్లేదు. ద్రాక్షకి పెద్ద వాన కన్నా ఆ ముసురే చెడ్డది. వారం తిరిగేసరికి గేటు వైపు ఆకుల మీద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చలు. తిప్పి చూస్తే కింద తెల్లటి నూగు. రెండు మూడు రోజుల్లో ఆ వైపు గుత్తులకి కూడా తెల్లగా పట్టి, గోధుమ రంగులోకి తిరిగి ఎండిపోయాయి. పదకొండు గుత్తులు. సరిగ్గా నిచ్చెన అందని మేర. కొట్టిన వైపు ఒక్కటీ పోలేదు. గీత గీసినట్టు ఉంది, నమ్మండి.

పోయిన ఆకులు, గుత్తులు కోసి కవర్లో కట్టి పారేశాను. పంతొమ్మిది మిగిలాయి.

ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి పెద్ద గండాలు లేవు. ఒకసారి ఆకుల మీద విభూతి చల్లినట్టు బూడిద తెగులు కనిపించింది. నీటిలో కరిగే గంధకం చల్లాను, చల్లటి పూట, ఎందుకంటే ఎండ ముదిరాక గంధకం ఆకుని కాలుస్తుంది. చీమలు వరసగా కాండం ఎక్కుతుంటే అనుమానించండి, పైన పిండినల్లి ఉంటుంది. దాని తీపి కోసమే అవి వెళ్తాయి. ఊడుతున్న పాత బెరడు గీకేస్తే అది దాక్కునే చోటు పోతుంది. గుత్తులకి పాత దోమతెర ముక్కలు సంచుల్లా కుట్టి కట్టాను. పిగిలిపిట్టలూ, ఉడతలూ మనకన్నా ముందు రుచి చూస్తాయి కదా.

పండిందా లేదా అనేది రంగు చూసి కోసేయకండి. ద్రాక్ష మామిడికాయలా కోశాక పండదు. కోసినప్పుడు ఎంత తీపో అంతే. గుత్తి చివరి కాయ, అడుగున ఉండేది, అదే చివర్లో పండుతుంది. అది తిని చూడండి. అది తియ్యగా ఉంటే గుత్తి అయినట్టే. 2024 మార్చి 17న మొదటి గుత్తి కోశాను. నానమ్మకి షుగర్, నాలుగే ఇచ్చాను. ఒకటి నోట్లో వేసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇంకో వారం ఉంచాల్సింది" అంది. నిజమే, ఉంచాల్సింది. మిగతావి వారం ఆగి కోశాం, ఉగాదికి ఇంకా రెండు వారాలు ఉంది. వీధిలో ఏడిళ్లకి గిన్నెలు వెళ్లాయి.

మరి షెడ్డు? వేశారండీ. నాన్న మాట మీద నిలబడ్డాడు, పందిరి ఉంచాడు. కానీ బండ్లకి చోటు నిజంగానే కావాలి. ఆ ఎండాకాలంలో ఎడమ వైపు పెద్ద చెయ్యి మొత్తం కోసేసి సగానికి రేకులు వేశాం. ఆ చెయ్యి నేనే కోశాను, రంపంతో, అరగంట పట్టింది. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది కుడి సగం. పోయిన మార్చిలో దీని మీదే ఇరవై ఆరు గుత్తులు వచ్చాయి.

కొత్తగా పెట్టాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. రోజుకి ఆరు గంటలకి తక్కువ ఎండ పడే చోట పెట్టకండి. నేలలో అయితే రెండడుగుల లోతు, వెడల్పు గుంత. టెర్రస్ మీద అయితే చిన్న కుండీ కాదు, సగానికి కోసిన డ్రమ్ము అయినా ఉండాలి. నీళ్లు నిలవకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కట్టిన మొక్క అడగండి. ఆ వేరు ఉప్పునీ, నీటి ఎద్దడినీ బాగా తట్టుకుంటుంది. ఒక నర్సరీలో నాకు "ఆరు నెలల్లో కాయ గ్యారంటీ" అన్నారు, అలాంటివి నమ్మొద్దు. మొదటి ఏడాదంతా ఒకే కాండాన్ని నిటారుగా పందిరి దాకా తీసుకెళ్లడం, పైన కొస తుంచి రెండు చేతులుగా చేయడం, ఇదే పని. కాయ రెండో ఏడాది తర్వాతే.

2025లో దసరా అక్టోబర్ 2నే వచ్చేసింది. నేను వెంటనే కోద్దామంటే నానమ్మ ఆపింది. "దసరా అంటే తారీఖు కాదు బిడ్డా, వాన పోవాలె" అని. కాబట్టి మీరు కూడా ఆకాశం చూసుకోండి. వరసగా వారం పొడిగా ఉంది అనిపించాకే కత్తెర తీయండి.

కోసిన కట్టె మాత్రం పారేయకండి. పెన్సిలంత లావు, మూడు నాలుగు కళ్లు ఉన్న ముక్కలు, రెండు కళ్లు మట్టిలో ఉండేలా ఇసుక కలిపిన కవర్లలో గుచ్చండి. తలకిందులుగా పెట్టకండి, నవ్వకండి, నేను రెండు అలాగే పెట్టాను. పోయిన అక్టోబర్లో ఎనిమిది గుచ్చితే మూడు బతికాయి. ఒకటి మా అత్తవాళ్లకి వరంగల్ పంపాను, ఒకటి టెర్రస్ మీద డ్రమ్ములో ఉంది. మూడోది జూలైలో నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కవర్‌లో లేదు. చూస్తే షెడ్డుకి ఆ చివర, గోడ పక్కన నాటేసి ఉంది. నాన్న పని. గుంత చూస్తే ఒక అడుగు కూడా లోతు లేదు. ఇప్పుడు దాన్ని వేరు కదలకుండా తీసి మళ్లీ నాటాలి, అది కూడా ఆయన చూడనప్పుడు. ఎలా తీశానో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటాను మరి.